పాటకు పీట వేసినవాడు
(జాజ్ సంగీత చరిత్రలో ఒక అధ్యాయం)

మన సొసైటీ సావనీరుకు ప్రతి ఏడూ ఒక చరిత్ర వ్యాసం రాయమని సెక్రటరీ సాహెబు గారు నన్ను అడగడం, నేను కుతుబ్‌షాహీల చెరువుల గురించో పాత మదరసాల గురించో నాలుగు పేజీలు రాసివ్వడం ఆనవాయితీ అయిపోయింది. ఈసారి మాత్రం చాలా దూరం పోతున్నాను. అమెరికాలో పుట్టిన జాజ్ అనే సంగీతం గురించీ, దాన్ని వాయించినవాళ్ళకు ఇజ్జత్ సంపాదించి పెట్టిన ఒక మనిషి గురించీ ఈ వ్యాసం. నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో ఎక్కడైనా తడబాటు ఉంటే పెద్దలు మన్నించాలి. మన ఇళ్ళలో పిల్లలు ఇప్పుడు తెలుగే ఎక్కువ చదువుతున్నారు కనుక తెలుగులో రాయడమే సబబు అనుకున్నాను.

సంగీతం విషయంలో మన పెద్దలలో అభిప్రాయ భేదాలు ఉన్నాయని నాకు తెలుసు. ఆ చర్చలోకి నేను పోను. ఇది రాగాల గురించిన వ్యాసం కాదు, న్యాయం గురించిన వ్యాసం అనుకొని చదవండి.

అమెరికా సంగీతంతో నీకేం పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. మా చిన్నమామూ, అంటే మా అమ్మకు తమ్ముడు, బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఎర్ర కోటు, బంగారు రంగు జరీ పట్టీ, తలమీద టోపీ. మా ఊళ్ళో హిందువుల పెళ్ళి అయినా మన బారాత్ అయినా మామూ మేళం లేనిదే ఊరేగింపు కదిలేది కాదు. నేను బి.ఎడ్. చదివే రోజుల్లో ఒక ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక పుస్తకంలో ఫోటో కనపడింది. వరుసగా నిలబడ్డ నల్లజాతి మనుషులు, టోపీలు, గుండీల కోట్లు, చేతుల్లో క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ము. అచ్చం మా మామూ మేళమే! బేరమాడి ఆ పుస్తకం కొన్నాను. ఆనాటి నుంచి ఈ సంగీతం చరిత్ర మీద నాకు ఆసక్తి. తరువాత దొరికినవన్నీ చదివాను, దొరికిన రికార్డులు విన్నాను.

పుట్టిన ఊరు, నడిచిన బాట

మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్టణం ఉంది. ఆఫ్రికా నుంచి ఓడల్లో బానిసలుగా తెచ్చిన మనుషులు ఆ ఊరి కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆదివారాలు చేరి డప్పులు వాయించుకునేవారు, పాడుకునేవారు, ఆడుకునేవారు. అమెరికాకు అలా తెచ్చిన బానిసలలో పశ్చిమ ఆఫ్రికా ముస్లిములు కూడా ఉన్నారని చరిత్రకారులు రాశారు. 1865లో అమెరికాలో బానిసత్వం రద్దయింది. కాగితం మీద స్వేచ్ఛ వచ్చింది. పొట్ట నింపుకోవడానికి కొందరు బ్యాండు వాయిద్యాలు పట్టుకున్నారు.

ఆ ఊళ్ళో మనిషి చనిపోతే బ్యాండు ఉండేది. శ్మశానానికి పోయేటప్పుడు నెమ్మదిగా దుఃఖంగా వాయించేవారు. పూడ్చిపెట్టి తిరిగి వచ్చేటప్పుడు హుషారు పాట ఎత్తుకునేవారు. ఈ బ్యాండు పాటలు, పొలాల్లో పనిపాటలు, చర్చి పాటలు, బ్లూస్ అనే బాధ పాటలు అన్నీ కలిసిపోయి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జాజ్ అయింది. ఇందులో ముఖ్యమైన సంగతి ఏమంటే, రాసిన స్వరాన్ని రాసినట్టు వాయించడం మాత్రమే కాదు. ఒక వరస తీసుకొని, దానిమీద అప్పటికప్పుడు తన సొంత కల్పన చేసి వాయించాలి. మన కర్ణాటక సంగీతంవాళ్ళు మనోధర్మం అంటారే, అటువంటిది. ఖవ్వాలీలో ఒక్క మిస్రాను పట్టుకొని పదిరకాలుగా తిప్పడం విన్నవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది.

అదే న్యూ ఆర్లియన్స్‌లో 1892లో హోమర్ ప్లెసీ అనే ఆయన రైలులో తెల్లవారికి కేటాయించిన పెట్టెలో కూర్చున్నాడు. టిక్కెట్టు ఉంది. అయినా లేవమన్నారు. లేవనన్నాడు. అరెస్టు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1896లో కోర్టు చెప్పిన తీర్పు ఏమిటంటే, నల్లవారికి వేరే, తెల్లవారికి వేరే ఏర్పాటు ఉండవచ్చు, రెండూ సమానంగా ఉంటే చాలు అని. సమానం అన్న మాట కాగితం మీదే ఉండిపోయింది, వేరు అన్న మాట మాత్రం బరాబర్ అమలైంది. రైలు పెట్టె, హోటలు, నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి, సినిమా హాలు అన్నీ వేరు. బడుల విషయంలో ఆ సూత్రాన్ని సుప్రీంకోర్టు కొట్టివేయడానికి 1954 దాకా పట్టింది.

అంటే జాజ్ పుట్టిందీ, ఆ కుర్చీ తగాదా పుట్టిందీ ఒకే ఊళ్ళో, దాదాపు ఒకే కాలంలో. ఈ రెండు కథలనూ విడదీసి చెప్పలేము.

చెట్టు నాటింది ఒకరు

తొలితరం వాయిద్యకారులలో బడ్డీ బోల్డెన్ అనే కొర్నెట్ వాద్యకారుడు గొప్పవాడని అందరూ చెప్పుకున్నారు. కొర్నెట్ అంటే ట్రంపెట్‌కు తోబుట్టువు వంటి వాయిద్యం. ఆయన వాయించిన రికార్డు ఒక్కటీ నేడు మనకు లేదు. 1907లో మతి చెడి ఆస్పత్రిలో చేరి, 1931లో అక్కడే కన్నుమూశాడు. ఇక 1917లో వెలువడిన మొట్టమొదటి జాజ్ రికార్డు ఎవరిది? న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన అయిదుగురు తెల్లవారి బృందానిది. చెట్టు నాటింది ఒకరు, మొదటి పండు కోసుకున్నది ఇంకొకరు.

తరువాత లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు. 1901లో పుట్టిన పేదపిల్లవాడు. కొత్త సంవత్సరం సంబరాల రాత్రి వీధిలో పిస్తోలు పేల్చాడని పిల్లల దిద్దుబాటు గృహంలో పెట్టారు. అక్కడి బ్యాండులో కొర్నెట్ పట్టుకున్నాడు. 1925లో మొదలైన ఆయన హాట్ ఫైవ్ రికార్డులు విన్న తరువాత, బృందంలో ఒక్క వాద్యకారుడు లేచి తన మనోధర్మంతో కచేరీ మొత్తాన్ని నిలబెట్టవచ్చని లోకానికి తెలిసింది.

న్యూయార్క్‌లో డ్యూక్ ఎల్లింగ్టన్ అనే మహా స్వరకర్త 1927 చివర నుంచి కాటన్ క్లబ్ అనే చోట వాయించాడు. రేడియో ద్వారా ఆ సంగీతం దేశమంతా విన్నది. కాని ఆ క్లబ్బులో ప్రేక్షకులుగా తెల్లవారికే ప్రవేశం. వేదిక మీద నల్లవారు, కుర్చీల్లో తెల్లవారు. వాయించేవాడి సొంత అన్నదమ్ములు టిక్కెట్టు కొని కూర్చుందామన్నా వీలులేదు.

చూడండి, ఇక్కడ సంగీతానికి తారీఫ్ కొరత లేదు. చప్పట్లు బ్రహ్మాండంగా కొట్టారు. వాహ్ వాహ్ అన్నారు. కాని మా ఉర్దూలో ఖదర్‌దాన్ అని ఒక మాట ఉంది. ఖదర్ అంటే విలువ, దాన్ అంటే తెలిసినవాడు. చప్పట్లు కొట్టినవాడల్లా ఖదర్‌దాన్ కాదు. కళ విలువతోపాటు కళాకారుడి విలువ కూడా తెలిసినవాడే ఖదర్‌దాన్.

ఇద్దరు ముందు నడిచినవారు

అటువంటివాళ్ళు లేకపోలేదు. జాన్ హామండ్ అని న్యూయార్క్‌లో కోటీశ్వరుల ఇంట పుట్టిన తెల్ల యువకుడు ఉండేవాడు. 1933లో హార్లెంలోని ఒక చిన్న క్లబ్బులో బిల్లీ హాలిడే అనే అమ్మాయి పాట విని ఆమెకు రికార్డు అవకాశం ఇప్పించాడు. 1936లో కారు రేడియోలో ఎక్కడో కాన్సాస్ సిటీ నుంచి వస్తున్న కౌంట్ బేసీ బృందాన్ని విని, ఆ ఊరు పోయి వాళ్ళను వెలుగులోకి తెచ్చాడు. 1938 డిసెంబరు 23న న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో నల్లవారి భక్తిపాటల నుంచి ఆనాటి జాజ్ దాకా ఒకే కచేరీగా వినిపించాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి పెట్టింది పేరైన హాలు అది.

అదే నెలలో న్యూయార్క్‌లోనే బార్నీ జోసెఫ్‌సన్ అనే ఆయన కఫే సొసైటీ అని ఒక క్లబ్బు తెరిచాడు. అంతకుముందు ఆయనది చెప్పుల వ్యాపారం. ఆ క్లబ్బులో నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చోవచ్చు. వేదిక మీదా కుర్చీల్లోనూ తేడా లేదు. ఇవి మంచి ప్రయత్నాలే. కాని ఒక ఊళ్ళో ఒక క్లబ్బు, ఒక రాత్రి కచేరీ. దేశమంతా తిరిగి ఈ పని చెయ్యడానికి ఇంకొక మనిషి కావలసి వచ్చింది.

నార్మన్ గ్రాంజ్

ఆయనే నార్మన్ గ్రాంజ్. 1918 ఆగస్టు 6న లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. వాయించేవాడు కాదు, పాడేవాడు కాదు. సినిమా స్టూడియోలో చిన్న ఉద్యోగం. జాజ్ అంటే ప్రాణం. తెల్లవార్లూ వాద్యకారులు సరదాగా కలిసి వాయించుకునే చోట్లకు పోయి వినేవాడు. అక్కడ ఆయన గమనించిన సంగతులు రెండు. ఒకటి, యజమానులు ఈ వాయిద్యకారుల చేత ఊరికే వాయించుకుంటున్నారు, పైసా ఇవ్వడం లేదు. రెండు, వాళ్ళ స్నేహితులను, బంధువులను లోపలికి రానివ్వడం లేదు.

1942 ప్రాంతంలో గ్రాంజ్ ఒక క్లబ్బు యజమాని దగ్గరకు పోయి, మీకు వ్యాపారం లేని రోజు నాకివ్వండి, కచేరీ పెడతాను అన్నాడు. షరతులు పెట్టాడు. వాయించేవాళ్ళకు డబ్బు ఇవ్వాలి. నల్లవారూ తెల్లవారూ ఎవరు వచ్చినా లోపలికి రానివ్వాలి. డాన్సు చేసే చోట కూడా బల్లలు వేయాలి, వచ్చినవాళ్ళు కూర్చొని శ్రద్ధగా వినాలి. అప్పటిదాకా జాజ్ అంటే తాగేవాళ్ళ వెనక, ఆడేవాళ్ళ వెనక మోగే చప్పుడు. ఈయన దానికి పీట వేశాడు. కూర్చొని వినదగిన సంగీతం ఇది అన్నాడు.

1944 జులై 2న లాస్ ఏంజెలెస్‌లోని ఫిల్‌హార్మోనిక్ ఆడిటోరియంలో మొదటి పెద్ద కచేరీ పెట్టాడు. దేనికోసమో తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. ఒక హత్య కేసులో సరైన సాక్ష్యం లేకుండా 17 మంది మెక్సికన్ కుర్రవాళ్ళకు శిక్ష వేశారు. వాళ్ళ అప్పీలు ఖర్చుల నిధి కోసం ఈ కచేరీ. పియానో మీద నాట్ కింగ్ కోల్, గిటారు మీద లెస్ పాల్, శాక్సఫోను మీద ఇల్లినాయ్ జాకెట్. హాలు నిండిపోయింది. ఆ ఏడాది అక్టోబరులోనే అప్పీలు కోర్టు ఆ శిక్షలు కొట్టివేసింది. కచేరీ వల్లనే కొట్టివేశారని నేననడం లేదు. కాని ఒక జాతివారి సంగీతం ఇంకొక జాతి పిల్లల కోసం, మూడో మతంవాడి పూనికతో మోగింది. అది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ హాలు పేరుమీదనే తన కచేరీలకు జాజ్ ఎట్ ది ఫిల్‌హార్మోనిక్ అని పేరు పెట్టి, మేటి వాద్యకారులను కూడగట్టుకొని ఊరూరా తిరిగాడు. చార్లీ పార్కర్, లెస్టర్ యంగ్, కోల్మన్ హాకిన్స్, రాయ్ ఎల్డ్రిడ్జ్, డిజ్జీ గిలెస్పీ, ఎల్లా ఫిట్జెరాల్డ్ అందరూ ఆయన కచేరీలలో వాయించినవాళ్ళే, పాడినవాళ్ళే. జనం ఎదుట జరిగిన కచేరీని అక్కడికక్కడే రికార్డు చేసి, చప్పట్లతో సహా గ్రామఫోను రికార్డులుగా అమ్మడంలో కూడా ఈయన ముందు నడిచినవారిలో ఒకడు. హాలుకు రాలేనివాడు ఇంట్లో కూర్చొని హాలులో ఉన్నట్టు వినగలిగాడు.

ఆయన కాంట్రాక్టులో ఒక షరతు తప్పక ఉండేది. ప్రేక్షకులను జాతినిబట్టి వేరు చేసి కూర్చోబెడితే కచేరీ ఉండదు. వాద్యకారులు అందరూ ఒకే హోటలులో దిగాలి, ఒకే విధంగా ప్రయాణించాలి. హోటలువాళ్ళు కాదంటే అక్కడే నిలబడి పోట్లాడేవాడు. పక్కన నల్లవాడు కూర్చున్నాడని ఎవరైనా అభ్యంతరం చెబితే టిక్కెట్టు డబ్బు చేతిలో పెట్టి మీరు వెళ్ళవచ్చు అనేవాడు, నల్లవాణ్ణి మాత్రం లేపేవాడు కాదు.

హ్యూస్టన్‌లో ఒక రాత్రి

1955 అక్టోబరు 7న టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ నగరంలో జరిగిన కథ చెప్పి తీరాలి. నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడం అక్కడ గట్టిగా పాతుకుపోయిన ఆచారం. గ్రాంజ్ హాలుకు పోయి మరుగుదొడ్ల మీద తెల్లవారికి, నల్లవారికి అని రాసిన బోర్డులు తీయించివేశాడు. ఎవరు ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు అన్నాడు. అలాగే కూర్చున్నారు. మొదటి ఆట ఏ గొడవా లేకుండా జరిగింది.

రెండు ఆటల నడుమ తెర వెనక గదిలో ఎల్లా ఫిట్జెరాల్డ్ కాఫీ తాగుతున్నది. గిలెస్పీ, జాకెట్ పాచికలు వేసుకుంటూ పొద్దుపుచ్చుతున్నారు. హఠాత్తుగా మఫ్టీలో పోలీసులు చొరబడ్డారు. జూదం ఆడుతున్నారని కేసు. ఒక పోలీసు స్నానాల గదివైపు పోతుంటే గ్రాంజ్ అడ్డంగా నిలబడి కళ్ళార్పకుండా చూశాడు. మాదకద్రవ్యాలు తామే పెట్టి దొరికినట్టు చూపిస్తారేమోనని ఆయన అనుమానం. ఆ పోలీసు ఆయన కడుపుకు పిస్తోలు ఆనించాడు. అయినా ఆయన కదలలేదు.

అందరినీ ఠాణాకు తీసుకుపోయారు. ఒక్కొక్కరికి 10 డాలర్ల జామీను. అక్కడ ఫోటోగ్రాఫర్లు ముందే సిద్ధంగా ఉన్నారు. అరెస్టు చేసినవాళ్ళలోనే ఒకడు ఎల్లా దగ్గరకు వచ్చి ఆటోగ్రాఫ్ అడిగాడట! పాట కావాలి, పాడిన మనిషికి ఇజ్జత్ మాత్రం వద్దు. ఈ ఒక్క సంగతిలో నేను చెప్పదలచిన చరిత్ర అంతా ఉంది.

రెండో ఆటకు అందరూ తిరిగి వచ్చారు. హాలులో జనానికి ఏమీ తెలియదు. పాట సాగింది. ఆ 10 డాలర్లు వదులుకొని గ్రాంజ్ ఊరు దాటి పోయి ఉండవచ్చు. ఎవరైనా అదే చేస్తారు. ఆయన లాయర్లను పెట్టి, రెండు వేల డాలర్లకు పైగా ఖర్చు చేసి, కేసు కొట్టివేయించాడు. పది డాలర్ల కోసం రెండు వేలా అని లెక్కల మాస్టారు అడగవచ్చు. ఆయన కట్టింది డాలర్ల లెక్క కాదు.

దీనికి ముందటి ఏడాది, అంటే 1954లో, ఎల్లా బృందం కచేరీలకోసం ఆస్ట్రేలియా పోతుండగా నడుమ హోనోలూలూలో ఆమెను తిరిగి విమానం ఎక్కనివ్వలేదు. మొదటి తరగతి టిక్కెట్లు చేతిలోనే ఉన్నాయి. ఆ విమాన కంపెనీ మీద దావా వేశారు, చివరకు కంపెనీ రాజీకి వచ్చింది. రైలు పెట్టెలో ప్లెసీని లేవమన్న 62 ఏళ్ళకు విమానంలో ఎల్లాకు అదే అనుభవం.

రికార్డులలో నిలిచిన స్వరం

కుర్చీ కోసం పోరాడటం ఒక ఎత్తు అయితే, పాటను భద్రపరచడం ఇంకొక ఎత్తు. ఆర్ట్ టేటమ్ అని దాదాపు చూపులేని పియానో వాద్యకారుడు ఉండేవాడు. తోటి పియానో వాద్యకారులే ఆయన ముందు వాయించడానికి జంకేవారు. 1953 డిసెంబరులో గ్రాంజ్ ఆయనను స్టూడియోలో కూర్చోబెట్టి, మీకు ఏది తోస్తే అది, ఎంతసేపు తోస్తే అంతసేపు వాయించండి అన్నాడు. ఆ తరువాత కొద్దికాలంలో ఒంటి పియానో మీద వందకు పైగా పాటలు రికార్డు అయ్యాయి. 1956 నవంబరులో టేటమ్ చనిపోయాడు. బడ్డీ బోల్డెన్ విషయంలో జరిగిన నష్టం టేటమ్ విషయంలో జరగకుండా ఒక మనిషి అడ్డుపడ్డాడు.

కెనడాలోని మాంట్రియల్‌లో టాక్సీలో పోతూ రేడియోలో పియానో విని, ఇది ఎవరిదని అడిగి, ఆ ఇరవై నాలుగేళ్ళ ఆస్కర్ పీటర్సన్‌ను 1949లో కార్నెగీ హాలు వేదిక ఎక్కించింది కూడా గ్రాంజే. 1956లో వెర్వ్ అనే రికార్డు కంపెనీ స్థాపించాడు. ఎల్లా గొంతుతో అమెరికా స్వరకర్తల పాటలు ఒక్కొక్కరివి వరుసగా సంపుటాలుగా తెచ్చాడు. 1956 నుంచి 1964 దాకా వచ్చిన ఆ సంపుటాలవల్ల, అంతకుముందు జాజ్ అంటే ముఖం తిప్పుకున్న ఇళ్ళలో కూడా ఎల్లా పాట వినబడింది.

ఆయనలో లోపాలు లేవని అనడం లేదు. ముక్కోపి. వ్యాపారంలో గట్టివాడు, బాగానే గడించాడు. ఆయన కచేరీలలో జనాన్ని రెచ్చగొట్టడానికి శాక్సఫోనులు అరిపించారని విమర్శకులు ఎత్తిపొడిచారు. అందులో నిజం కొంత ఉంది. కాని తాను తిన్నంత మంచి తిండి తనవాళ్ళకూ పెట్టాడు. 2001 నవంబరు 22న జెనీవాలో కన్నుమూశాడు.

సముద్రాలు దాటిన పాట

హ్యూస్టన్ ఠాణాలో కూర్చున్న డిజ్జీ గిలెస్పీని ఆరు నెలలు తిరక్కుండానే, 1956 మార్చిలో, అమెరికా ప్రభుత్వం తన సంగీత రాయబారిగా ఇరాన్, పాకిస్తాన్, సిరియా, లెబనాన్, టర్కీ వంటి దేశాలకు పంపింది. అంకారాలో ఒక తోటలో పెద్దమనుషుల కోసం కచేరీ ఏర్పాటు. గోడ అవతల చిరిగిన బట్టలతో పిల్లలు లోపలికి తొంగిచూస్తున్నారు. గిలెస్పీ ట్రంపెట్ దించాడు. వాళ్ళను లోపలికి రానిస్తేనే వాయిస్తానన్నాడు. రానిచ్చారు, అప్పుడే వాయించాడు. బయట నిలబడటం ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు గదా.

1957లో లిటిల్ రాక్ పట్టణంలో నల్లజాతి పిల్లలను బడిలోకి రానివ్వకుండా అడ్డుకున్నప్పుడు, ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వం తరఫున చెయ్యవలసిన రష్యా యాత్రను వద్దన్నాడు. నా ఇంట్లో నాకు చోటు లేనప్పుడు పరాయి దేశంలో మీ గొప్ప నేనెలా చాటను అన్నది ఆయన బాధ.

ఇంకొక ఖదర్‌దాన్ గురించి కూడా రెండు మాటలు. విల్లిస్ కోనోవర్ అనే ఆయన 1955 జనవరి నుంచి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోలో జాజ్ వినిపించాడు. గంభీరమైన గొంతు. ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకు కూడా అర్థం కావాలని ఒక్కొక్క మాటా నిదానంగా పలికేవాడు. పంతులుగా ఆ గుణం నాకు మరీ నచ్చింది. పోలండులో, రష్యాలో కుర్రవాళ్ళు రాత్రిళ్ళు షార్ట్‌వేవ్ రేడియోకు చెవులానించి విని జాజ్ నేర్చుకున్నారు. 1959లో ఆయన పోలండు పోతే జనం గుమికూడి స్వాగతం పలికారు. ఆ రేడియో ప్రసారాలు అమెరికాలో వినిపించకూడదని 1948 చట్టం. అందువల్ల లోకమంతా ఎరిగిన ఆ గొంతు సొంత దేశంలో చాలామందికి తెలియదు. 1996లో చనిపోయేదాకా ఆయన అదే పని చేశాడు.

మనవాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. 1940, 50లలో జాజ్ వాద్యకారులు కొందరు ఇస్లాం స్వీకరించారు. శాక్సఫోను, వేణువు వాయించిన యూసుఫ్ లతీఫ్, పియానో వాయించిన అహ్మద్ జమాల్ ఆ పేర్లతోనే ప్రపంచ ప్రసిద్ధి పొందారు. లతీఫ్ 2013లో, జమాల్ 2023లో చనిపోయారు. తలెత్తుకొని నిలబడగల పేరు కోసం, ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలబడే చోటు కోసం వాళ్ళు వెతుక్కున్నారేమో అని నాకు అనిపిస్తుంది.

మళ్ళీ మా మామూ దగ్గరకు

ఇంత చదివిన నేను చేసిన పని కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

2008లో నా పెళ్ళి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. అత్తవారు కాస్త ఉన్నవాళ్ళు. పెళ్ళికి వారం ముందు నేను మామూ దగ్గరకు పోయి, "మామూ, ఆ రోజు మీరు ఎర్ర కోటు వేసుకోవద్దు. వేరే ఊరి మేళాన్ని మాట్లాడాను. మీరు చుట్టంగా రండి, కుర్చీలో కూర్చోండి" అన్నాను. గౌరవిస్తున్నాను అనుకున్నాను. మామూ నవ్వి, "అలాగే బేటా" అన్నాడు.

తెల్ల చొక్కా వేసుకొని వచ్చాడు. ముందువరుసలోనే కూర్చున్నాడు. భోజనాల వేళ దస్తర్‌ఖాన్ మీద పిలుపు వచ్చింది. మేళంవాళ్ళను ఎప్పటిలాగే వంటల డేగిశాల పక్కన, అందరూ తిన్న తరువాత కూర్చోమన్నారు. అలా చెప్పమని నేనెవరికీ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. కొంతసేపటికి మామూ ఏడి అని చూస్తే కుర్చీలో లేడు. డేగిశాల దగ్గర, ఎర్ర కోట్లవాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. వాళ్ళతోపాటే తిన్నాడు. నన్ను చూసి రమ్మని చెయ్యి ఊపాడు. పెళ్ళికొడుకు షేర్వానీలో ఉన్న నేను పోలేదు.

మామూ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నాలుగేళ్ళ తరువాత చనిపోయాడు. ఆ క్లారినెట్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. హ్యూస్టన్ పోలీసు ఎల్లాను ఆటోగ్రాఫ్ అడిగిన కథ చదివినప్పుడల్లా నాకు ఆ పోలీసు మీద కోపం రాదు. సిగ్గు వేస్తుంది. బారాత్‌లో మేళం బాగా వాయించిందని అందరితో చెప్పుకున్నవాణ్ణి నేను.

అమెరికా నల్లవారికి జరిగినదానితో మా మామూకు జరిగినదాన్ని నేను సరితూచడం లేదు. అది చట్టం పెట్టిన అన్యాయం, ఇది మనం అలవాటుగా చేస్తున్నది. చట్టం మార్చడానికి వాళ్ళకు కోర్టులూ ఉద్యమాలూ కావలసి వచ్చాయి. మన అలవాటు మార్చుకోవడానికి అవేవీ అక్కర్లేదు.

అందుకని సొసైటీ పెద్దలకు ఒక మనవి. మన వార్షికోత్సవానికి ఖవ్వాలీ బృందాన్ని పిలుస్తాము, నాతియా ముషాయిరా పెడతాము, సామూహిక నికాహ్‌లలో మేళం పెడతాము. ఆహ్వానపత్రికలో ముఖ్య అతిథుల పేర్లతోపాటు ఆ కళాకారుల పేర్లు కూడా అచ్చువేయండి. తబలా వాయించేవాడి పేరుతో సహా. మాట్లాడుకున్న పైకం కచేరీ అయిన రాత్రే చేతిలో పెట్టండి, రేపు రా ఎల్లుండి రా అని తిప్పకండి. భోజనం అందరితోపాటు అదే దస్తర్‌ఖాన్ మీద, అదే వేళకు పెట్టండి.

వచ్చే సభలో వడ్డన పని నాకు అప్పగించండి. మేళంవాళ్ళను నేనే పిలుచుకొని వచ్చి కూర్చోబెడతాను.